సినిమాలు జనాన్ని మారుస్తాయా? మా శ్రీకాకుళం పిల్లల్ని చూసి చెప్తున్నా

సినిమాలు చూసి జనం నిజంగా మారతారా, లేక జనం ఎలా ఉంటే సినిమాలూ అలాగే ఉంటాయా అని అడుగుతుంటారు. మారతారు. నాకు ఇందులో ఇసుమంత అనుమానం కూడా లేదు. అయితే ఈ చర్చ వచ్చినప్పుడల్లా అందరూ సిగరెట్లు, కత్తులు, అమ్మాయిల వెంటపడటం దగ్గరే ఆగిపోతారు. అవి చిన్న విషయాలని అనను. కానీ మా వైపు సినిమా చేసిన అసలు నష్టం గురించి ఎవరూ మాట్లాడరు.

నేను శ్రీకాకుళంలో ఓ ప్రైవేటు బడిలో తెలుగు చెప్తాను. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవానికి ఎనిమిదో తరగతి పిల్లలు నాటిక వేస్తామంటే, మీరే రాసుకోండి అన్నాను. ఆసుపత్రి కథ రాసుకున్నారు. డాక్టరు, నర్సు, ఊడ్చే ఆయా, గేటు దగ్గర వాచ్‌మన్. రిహార్సల్ చూద్దును కదా, డాక్టరూ నర్సూ "ఏమైందండీ, నొప్పి ఎప్పటినుంచి?" అని టీవీ తెలుగు మాట్లాడుతున్నారు. ఆయా వచ్చి "ఏటి బావూ, ఏవూరు మీది? బేగి సెప్పు, గది తుడవాల" అనేసరికి క్లాసంతా ఒకటే నవ్వు. డాక్టరు వేషం కట్టిన పిల్లాడిది నరసన్నపేట పక్కన పల్లె. వాళ్ళింట్లో తాత నుంచి తమ్ముడి దాకా మాట్లాడేది ఆ ఆయా మాటే. "ఏరా, డాక్టరు కూడా మనలాగే మాట్లాడొచ్చు కదా?" అన్నాను. "డాక్టరు అలా మాట్లాడితే కామెడీ అయిపోద్ది టీచర్" అన్నాడు. తడుముకోలేదు. రెండు రెండ్లు నాలుగన్నంత మామూలుగా చెప్పాడు.

ఇది వాడికి ఎవరు నేర్పారు? ఇంట్లోవాళ్ళు నేర్పలేదు, మేమూ నేర్పలేదు. మా ఊళ్ళల్లో పుట్టి, ఇదే మాట మాట్లాడే డాక్టర్లు శ్రీకాకుళంలో వీధికొకరున్నారు. వాడికి జ్వరమొస్తే మందిచ్చేది వాళ్ళే. అయినా కళ్ళెదుటి డాక్టరు కంటే తెరమీద డాక్టరే వాడికి నిజం. ప్రభావమంటే ఇంకేం కావాలి?

సినిమా మద్రాసులో ఎదిగినప్పుడు డబ్బు పెట్టినవాళ్ళు, మాటలు రాసినవాళ్ళు చాలామంది కృష్ణా, గుంటూరు వైపువాళ్ళు. దాంతో వాళ్ళ మాట హీరో మాటైంది. మావాళ్ళు పొట్టచేత పట్టుకుని విజయవాడ, హైదరాబాదు కట్టడాల దగ్గరికి, చేపల వేటకోసం గుజరాత్‌లో వెరావల్ దాకా వలసపోతారు. నగరంలో సినిమావాళ్ళకు ఎదురైన మా మనిషి కూలీయో, వాచ్‌మనో. సినిమా ఆ ఒక్క మనిషినే పట్టుకుని, కష్టం వదిలేసి, మాట మాత్రం నవ్వులకి వాడుకుంది. పోనీ ఆ యాసైనా సరిగ్గా పలికిస్తారా అంటే అదీ లేదు. వాక్యానికి ముందో "ఏటి", వెనకో "నాయినా" తగిలించి శ్రీకాకుళం అనేస్తారు. మా అమ్మ "ఒండీసినాను, తినీసి ఎల్లు" అన్నప్పుడు ఆ మాటలో ఉండే సాగు ఒక్కరికీ పట్టుబడదు. కోట్లు పెట్టి సెట్లు వేసేవాళ్ళు ఊరినుంచి ఒక మనిషిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకోలేరా?

భాషా దినోత్సవం ఎవరి పుట్టినరోజు? గిడుగు రామమూర్తి గారిది. ఆయన 1863లో పుట్టింది మా శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో. వాడుక మాటలో నాటకం రాసి 1897లో అచ్చువేయించిన గురజాడది విజయనగరం. పుస్తకాల్లో వాడుక తెలుగు ఉండాలని పోరాడిన గడ్డ మీద పిల్లలు తమ మాటకి సిగ్గుపడుతుంటే నాకు కడుపు రగిలిపోతుంది.

తెలంగాణ మాటకీ చాలా ఏళ్ళు ఇదే గతి పట్టింది. విలన్‌కో, కమెడియన్‌కో ఇచ్చేవారు. 2017లో 'ఫిదా' వచ్చింది. బాన్సువాడ అమ్మాయిగా సాయిపల్లవి ఆ యాసలోనే ప్రేమించింది, అలిగింది, తగువాడింది. మా బడిలో ఆడపిల్లలు ఆ డైలాగులు గొప్పగా చెప్పుకుని తిరిగారు. శ్రీకాకుళం పిల్లలకి బాన్సువాడ మాట ముద్దొచ్చింది, ఇంట్లో మాట మాత్రం కామెడీ! 2020లో 'పలాస 1978'లో హీరో మా మాట మాట్లాడాడు, సంతోషమే. కానీ అది కత్తి పట్టిన వాడి కథ.

ఆ నాటికలో మాత్రం పట్టుబట్టి డాక్టరు మాట మార్పించాను. మొదట్లో నవ్వారు, తర్వాత కథలో పడ్డారు.

మా ఊరి గొప్పలు చెప్పే సినిమాలు తియ్యమని అడగటం లేదు. ఏ కథలోనైనా సరే, టెక్కలి ఇంజనీరు, పాలకొండ లాయరమ్మ ఇంట్లో మాట్లాడినట్టే ఆఫీసులోనూ మాట్లాడాలి, పక్కనున్న పాత్ర నవ్వకుండా జవాబివ్వాలి. మాటలు రాసేవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, యాస సరిచూసి పెట్టడానికి నేనున్నాను, మా ఎనిమిదో తరగతి పిల్లలున్నారు. పైసా అక్కర్లేదు, అడిగితే చాలు.