చీమకుర్తిలో క్లినిక్ తెరుస్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

చీమకుర్తిలో గది దొరికిందని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. చాలా సంతోషం. మందుల సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు. నోటి సంగతి, అంటే రోగి గుట్టు బయటపెట్టకుండా ఉండే సంగతి చెప్తాను.

నాకు ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చిన మూడో ఏడు. ఒక పెళ్లిలో భోజనాల దగ్గర పక్కనున్న పెద్దమనిషిని "మీ కోడలు మందులు మానకుండా వాడుతోందా?" అని అడిగాను. మంచికే అడిగాననుకున్నాను. ఆ పిల్లకు టీబీ అని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. నెల తిరక్కుండా పుట్టింటికి పంపేశారు. అక్కడ మందులు వాడిందో లేదో నాకు తెలియలేదు. ఆ పంక్తి, ఆ విస్తరి ఇప్పటికీ నా కళ్లముందే ఉన్నాయి.

నాకు తెలియక కాదు, చదువుకున్నదే. చరక సంహితలో విమానస్థానం అనే భాగంలో గురువు శిష్యుడికి చెప్తాడు: రోగి ఇంటికి అనుమతి తీసుకుని, ఆ ఇంటివాళ్లకు తెలిసిన మనిషి వెంట, తలవంచుకుని వెళ్లు, లోపలి సంగతులు బయట చెప్పకు అని. గ్రీకుల హిప్పోక్రటీస్ ప్రమాణంలోనూ గుట్టు బయటపెట్టొద్దన్న ఈ మాట ఉంది. ప్రపంచ వైద్య సంఘం చేసిన 1948 జెనీవా డిక్లరేషన్‌లోనూ, 2002లో మన మెడికల్ కౌన్సిల్ పెట్టిన నియమాల్లోనూ ఉంది. పాతదంతా మంచిదని మాత్రం అనుకోకు. ఆ చరకంలోనే రాజుకు గిట్టనివాళ్లకు, భర్తో సంరక్షకుడో వెంట లేని ఆడవాళ్లకు వైద్యం చెయ్యొద్దని ఉంది. అది నువ్వు పాటించొద్దు. ఒంటరిగా వచ్చిన ఆడమనిషిని ముందు పిలిచి చూడు.

నీ ఊళ్లో అసలు పరీక్ష క్వారీలతో వస్తుంది. రాతి దుమ్ము పీల్చి పీల్చి దగ్గుతో కూలీ వస్తాడు. అతను గుమ్మం దాటకముందే మేస్త్రీ ఫోన్: "డాక్టరమ్మా, వాడికి ఏంటి జబ్బు? పనికొస్తాడా?" నీ ఫీజు కట్టింది కూడా ఆ మేస్త్రీయే అయి ఉంటాడు. అయినా సరే, "అతన్నే అడగండి" అను. ఎక్స్‌రే కూలీ చేతికే ఇవ్వు. రాతి దుమ్ముతో దెబ్బతిన్న ఊపిరితిత్తులకు టీబీ తేలిగ్గా పట్టుకుంటుంది కాబట్టి కళ్లె పరీక్ష మర్చిపోకు. టీబీ అని తేలితే 2012 నుంచి ప్రభుత్వానికి తెలపడం తప్పనిసరి. నిక్షయ్ అనే ప్రభుత్వ టీబీ పోర్టల్‌లో నమోదు చేస్తున్నానని ముందు అతనికి చెప్పి, తర్వాత చెయ్యి. ప్రభుత్వానికి చెప్పావు కదా అని మేస్త్రీకీ చెప్పొచ్చనుకోకు.

రహస్యానికి హద్దు లేదని కాదు. హెచ్‌ఐవీ ఉన్న మనిషి భార్యకు చెప్పనంటే, ఆమె ప్రాణం సంగతేమిటి? 2017 చట్టం దీనికి దారి చూపింది. ముందు అతనికి కౌన్సెలింగ్ ఇవ్వాలి, తనంతట తను చెప్పడానికి అవకాశం ఇవ్వాలి, అప్పటికీ చెప్పడని తేలితే, నేను చెప్తున్నానని అతనికి తెలిపి మరీ ఆమెకు చెప్పొచ్చు. ఈ వరస తప్పకు. ఒక్కో కేసు రాత్రి నిద్ర పట్టనివ్వదు. అలాంటప్పుడు నాకు ఫోన్ చెయ్యి, పేరు మాత్రం చెప్పకు.

నీ గదికీ, జనం కూర్చునే వరండాకీ మధ్య చెక్క అడ్డమే ఉందట. లోపలి మాట బయట బెంచీ మీదకు వినిపిస్తుంది. గోడ కట్టించాకే బోర్డు పెట్టు. ఆదివారం ఒంగోలు వస్తాను, తాపీ పనివాడిని నేనే మాట్లాడతాను.

మీ పెదనాన్న,
నెల్లూరు