ప్లేఆఫ్స్‌లో ఓడితే తప్పంతా మేనేజర్‌దేనా? ఒక మారినర్స్ అభిమాని సమాధానం

మీరు అడిగింది ఇదీ: ఈ మధ్యే సియాటిల్ వచ్చారు, క్రికెట్ తప్ప ఇంకో ఆట తెలీదు, ఆఫీసులో లంచ్ టైమ్‌లో అందరూ ఇక్కడి బేస్‌బాల్ టీమ్ మారినర్స్ మేనేజర్ డాన్ విల్సన్‌ని ఉంచాలా పంపించాలా అని వాదించుకుంటుంటే మీకు తల తిరుగుతోంది, అసలు బేస్‌బాల్‌లో మేనేజర్‌కి అంత సీనుందా అని.

ఉందండీ. కాకపోతే అది ఎప్పుడు ఉంటుంది అన్నది చూడాలి. మార్చి చివర నుంచి సెప్టెంబర్ చివరి దాకా ఆడే 162 ఆటల్లో గెలుపోటములు ఎక్కువగా ఆటగాళ్ళ చేతిలోనూ, ఆ ఆటగాళ్ళని తెచ్చే ఫ్రంట్ ఆఫీస్ చేతిలోనూ ఉంటాయి. అక్టోబర్ వచ్చేసరికి మాత్రం మేనేజర్ చేసే ఒక్క పిచర్ (బంతి విసిరేవాడు) మార్పుతో సీజన్ మొత్తం పోవచ్చు. జనం ఈ రెండిటినీ కలిపేసి ఒకే వాదన చేస్తారు, అందుకే అది ఏ సంవత్సరమూ తెగదు. నేను 2019లో ఇక్కడికి వచ్చినప్పటి నుంచి ఈ టీమ్‌ని పట్టుకునే ఉన్నాను, ఈ వాదన మా ఆఫీసులోనూ మా తెలుగు వాట్సాప్ గ్రూపులోనూ ఏటా నడుస్తూనే ఉంది, కాబట్టి నాకు తెలిసినంతలో చెప్తాను.

ముందు క్రికెట్ తెలిసినవాళ్ళు పట్టుకోవాల్సిన ఒక్క రూల్. బేస్‌బాల్‌లో ఒకసారి బయటికి పంపిన ఆటగాడు ఆ ఆటలో మళ్ళీ రాడు. బౌలర్‌ని రెండు ఓవర్లు వేయించి పక్కన పెట్టి చివర్లో మళ్ళీ తెచ్చుకోవడం లాంటిది ఇక్కడ కుదరదు. ఎవర్ని ఎప్పుడు దింపాలి, ఎవర్ని తీసెయ్యాలి అన్నది మైదానంలో ఉన్నవాళ్ళు కాదు, డగౌట్‌లో నిలబడ్డ మేనేజర్ చెప్తాడు. బుల్‌పెన్‌లో, అంటే మధ్యలో దిగే పిచర్లు వార్మప్ చేసే చోట, ఏడెనిమిది మంది రిలీఫ్ పిచర్లు ఉంటారు, వాళ్ళలో అందరికంటే గట్టివాడిని మామూలుగా చివరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్ కోసం దాచిపెడతారు, అతన్నే క్లోజర్ అంటారు. గొడవలన్నీ ఈ దాచిపెట్టడం దగ్గరే మొదలవుతాయి.

ఇప్పుడు రేసు సంగతి. బేస్‌బాల్‌లో రెండు లీగులు, ఒక్కో దాంట్లో మూడు డివిజన్లు (గ్రూపులు) ఉంటాయి. 2022 నుంచి ప్రతి లీగ్‌లో ఆరు టీమ్‌లు ప్లేఆఫ్స్‌కి వెళ్తున్నాయి, ముగ్గురు డివిజన్ విజేతలు, మిగిలినవాళ్ళలో ఎక్కువ గెలిచిన ముగ్గురు వైల్డ్ కార్డులు. ఆరు చోట్లున్నాయి కదా, తేలికే అనుకుంటారు. 2023లో మారినర్స్ 88 ఆటలు గెలిచారు, చివరి వైల్డ్ కార్డు పట్టుకెళ్ళిన టొరాంటో 89 గెలిచింది. 2024లో మావాళ్ళు 85, లోపలికి వెళ్ళిన డెట్రాయిట్, కాన్సస్ సిటీ చెరో 86. వరసగా రెండేళ్ళు ఒక్క ఆట! అప్పుడు వెనక్కి తిరిగి చూస్తే మే నెలలో ఒక మంగళవారం రాత్రి, ఎవరూ పట్టించుకోకుండా చేజార్చుకున్న ఆట కూడా గుండెల్లో గుచ్చుకుంటుంది. 2025లో అదే దెబ్బ హ్యూస్టన్‌కి తగిలింది, డెట్రాయిట్‌తో సమానంగా 87 గెలిచి కూడా టైబ్రేకర్‌లో బయట ఉండిపోయారు.

మేనేజర్‌ని తీసేస్తే ఏమవుతుంది అన్నది మేం 2024లో కళ్ళారా చూశాం. ఆ జూన్ మధ్యలో మారినర్స్ డివిజన్‌లో పది ఆటల ఆధిక్యంలో ఉన్నారు, జులై దాటకముందే అదంతా కరిగిపోయింది. పిచర్లు అద్భుతంగా వేస్తున్నారు, బ్యాటర్లు మాత్రం వరసగా స్ట్రైక్ అవుట్ అయి వెనక్కి వస్తున్నారు. ఆగస్టు 22న, రికార్డు 64-64 ఉన్నప్పుడు, 2016 నుంచి మేనేజర్‌గా ఉన్న స్కాట్ సర్విస్‌ని తీసేసి, ఒకప్పుడు ఇదే టీమ్‌కి క్యాచర్‌గా (మన వికెట్ కీపర్ లాంటివాడు) ఆడిన డాన్ విల్సన్‌ని తెచ్చారు. మిగిలిన 34 ఆటల్లో 21 గెలిచారు. మా గ్రూపులో ఒకతను అప్పుడే తేల్చేశాడు, "చూశావా మావా, మనిషి మారగానే టీమ్ ఎలా లేచిందో" అని. నాకది అప్పుడూ ఒప్పుకోబుద్ధి కాలేదు, ఇప్పుడూ కాదు. మేనేజర్‌తో పాటు హిటింగ్ కోచ్‌ని కూడా మార్చారు, ఆ కుర్చీలో హాల్ ఆఫ్ ఫేమ్ బ్యాటర్ ఎడ్గర్ మార్టినెజ్‌ని కూర్చోబెట్టారు. ఇన్ని మారినప్పుడు మార్పంతా ఒక్క మనిషి ఖాతాలో ఎలా వేస్తాం? పైగా 21 ఏళ్ళ తర్వాత ఈ టీమ్‌ని 2022లో ప్లేఆఫ్స్‌కి తీసుకెళ్ళినవాడు ఆ సర్విసే. ఈ ఊళ్ళో ఆ మాట ఎవరూ ఎత్తరు, నాకు బాధగా ఉంటుంది.

2025 సీజన్‌కి నేను ముందు మార్కులు వేసేది ఫ్రంట్ ఆఫీస్‌కి. ఏళ్ళ తరబడి మేం ఆ ఫ్రంట్ ఆఫీస్ పెద్ద జెర్రీ డిపోటోని తిట్టింది డబ్బు ఖర్చు పెట్టి బ్యాటర్లని తేవట్లేదని. 2023 సీజన్ చివర్లో మా క్యాచర్ కాల్ రాలీ కూడా విలేఖరుల ముందు ఆ మాటే అన్నాడు, మిగతా టీమ్‌ల లాగా మనమూ ఆటగాళ్ళని తెచ్చుకోవాలని. ఆ తర్వాత అలా అన్నందుకు సారీ చెప్పాడు గానీ, మా అందరి మనసులో మాట అతని నోట వచ్చింది. 2025 జులైలో చివరికి తెచ్చారు. అరిజోనా నుంచి జాష్ నేలర్, యుహేనియో స్వారెజ్ ఇద్దరూ వారం తేడాతో వచ్చారు. నేలర్‌ని మీరు చూడాలి, లావుపాటి మనిషి, పరుగులో అంత వేగమేమీ లేదు, అయినా పిచర్ చెయ్యి కదిలే తీరు గమనిస్తూ ఒక్కో అడుగే బేస్‌కి దూరం జరిగి సరిగ్గా టైమ్‌కి దూకుతాడు, మారినర్స్‌కి వచ్చాక 19 సార్లు బేస్ దొంగిలించడానికి (బ్యాటర్ కొట్టకముందే తర్వాతి బేస్‌కి పరిగెత్తడానికి) వెళ్ళి ఒక్కసారి కూడా దొరకలేదు. సెప్టెంబర్‌లో హ్యూస్టన్ వెళ్ళి, అప్పటిదాకా డివిజన్‌లో పక్కపక్కనే ఉన్న ఆస్ట్రోస్‌ని మూడుకి మూడు ఓడించి వచ్చారు. అందులో రెండో ఆట చివర విక్టర్ రోబ్లెస్ నేల మీదికి దూకి క్యాచ్ పట్టి, లేచీ లేవకముందే బంతి విసిరి ఒకే బంతికి ఇద్దరు అవుటయ్యే డబుల్ ప్లేతో ఆట ముగించాడు. అలాంటిది ఏ మేనేజరూ రాసి ఇవ్వలేడు. 2001 తర్వాత మొదటిసారి డివిజన్ మాదైంది. అది ఖాయమైన రాత్రే రాలీ ఆ సీజన్‌లో 60వ హోమ్‌రన్ (మన సిక్సర్ లాంటిది) కొట్టాడు, అదీ రోజూ ప్లేట్ వెనక గొంతుక్కూర్చుని పట్టే క్యాచర్. సీజన్ ఉత్తమ ఆటగాడికిచ్చే ఎంవీపీ మాత్రం న్యూయార్క్ యాంకీస్ బ్యాటర్ ఆరన్ జడ్జ్‌కి ఇచ్చారు, మొదటి స్థానం ఓట్లు 17-13. జడ్జ్ గొప్పవాడే, కానీ నా ఓటు రాలీకే, దీని మీద ఎవరు ఎన్ని లెక్కలు చూపించినా మారను.

ఇక మీ ప్రశ్నకి అసలు జవాబు అక్టోబర్‌లో ఉంది. రెండు ఆటలు చెప్తాను, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

మొదటిది అక్టోబర్ 10, డెట్రాయిట్ టైగర్స్‌తో సిరీస్‌లో చివరిదైన ఐదో ఆట, ఓడితే ఇంటికే. మా ఆఫీసు టీమ్‌లో ఎవరెట్‌లో పుట్టి పెరిగిన పెద్దాయన ఒకరున్నారు, ఆయన దగ్గర టికెట్ మిగిలితే నన్ను తీసుకెళ్ళారు. లిన్‌వుడ్‌లో కారు పెట్టి ట్రైన్‌లో స్టేడియం స్టేషన్ దాకా వెళ్ళాం, మూడో బేస్ వైపు పై అంతస్తులో సీట్లు. ఆయన ఇప్పటికీ ఒళ్ళో పుస్తకం పెట్టుకుని పెన్సిల్‌తో ప్రతి బ్యాటర్‌దీ స్కోరు రాసుకుంటారు. ఆరో ఇన్నింగ్స్‌లో మావాళ్ళు ఒక పరుగు ముందున్నారు, పిచర్ జార్జ్ కర్బీ బ్రహ్మాండంగా వేస్తున్నాడు, 70 బంతులు కూడా కాలేదు. ఒక డబుల్ (బ్యాటర్ రెండో బేస్ దాకా వెళ్ళే దెబ్బ) పడింది. విల్సన్ బయటికి నడిచి వచ్చి కర్బీని తీసేశాడు, ఎడమచేతి గేబ్ స్పయర్‌ని తెచ్చాడు, రావడం రావడమే టైగర్స్ బ్యాటర్ కెరీ కార్పెంటర్ రెండు పరుగుల హోమ్‌రన్ కొట్టేశాడు. మా చుట్టూ ఉన్నవాళ్ళ తిట్లు వినాలి! ఇంత బాగా వేస్తున్నవాణ్ణి ఎందుకు తీశాడని నేనూ అరిచాను. పెద్దాయన తల ఎత్తకుండా రాసుకుంటూ, "కర్బీ బంతి కార్పెంటర్‌కి బాగా తెలుసు, మొదటి ఆటలో ఏమైందో గుర్తు తెచ్చుకో" అన్నారు. నిజమే, ఆ సిరీస్ మొదటి ఆటలోనూ కర్బీ మీద కార్పెంటర్ హోమ్‌రన్ కొట్టాడు, అంతకుముందు కూడా చాలాసార్లు ఉతికాడు. ఎడమచేతి బ్యాటర్ మీదికి ఎడమచేతి పిచర్‌ని తేవడం సరైన నిర్ణయం. అది ఫలించలేదు, అంతే.

ఆ ఆట 15 ఇన్నింగ్స్ దాకా సాగింది. మామూలుగా మొదటి బంతి నుంచి వేసే లోగన్ గిల్బర్ట్, లూయిస్ కస్తీయో ఇద్దరూ బుల్‌పెన్ నుంచి వచ్చి టైగర్స్‌ని ఆపారు, చివరికి హోర్హే పొలాంకో సింగిల్‌తో 3-2తో గెలిచాం. గొంతు పోయింది, పక్కన ఎవరో తెలీనివాళ్ళు నన్ను వాటేసుకున్నారు. మర్నాటికి స్పయర్ గురించి మాట్లాడే మనిషే లేడు. పొలాంకో కొట్టిన ఆ బంతి ఎవరి గ్లౌలోనో పడి, తర్వాతి ఇన్నింగ్స్‌లో టైగర్స్ గెలిచి ఉంటే విల్సన్‌ని ఆ రాత్రే పంపించమనేవాళ్ళు.

రెండోది అక్టోబర్ 20, తర్వాతి రౌండ్‌లో టొరాంటోతో వాళ్ళ ఊళ్ళో చివరిదైన ఏడో ఆట. గెలిస్తే ఈ టీమ్ చరిత్రలో మొదటిసారి ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్‌కి, ఇప్పటిదాకా అక్కడికి వెళ్ళని ఒకే ఒక్క టీమ్ మాది. 3-1తో ముందున్నాం, జూలియో రోడ్రిగెజ్ ఒకటి, రాలీ ఒకటి హోమ్‌రన్లు కొట్టారు. ఏడో ఇన్నింగ్స్‌లో మా పిచర్ బ్రయన్ వూ ఒకణ్ణి వాక్ చేశాడు (నాలుగు చెడ్డ బంతులేసి ఊరికే మొదటి బేస్‌కి పంపాడు), తర్వాతివాడు సింగిల్ కొట్టాడు, ఆ తర్వాతివాడు బంతిని మెల్లిగా తట్టే బంట్‌తో ఇద్దర్నీ ముందుకి జరిపాడు. రెండో బేస్‌లో ఒకడు, మూడో బేస్‌లో ఒకడు, ఒక అవుట్, బ్యాటింగ్‌కి జార్జ్ స్ప్రింగర్. హ్యూస్టన్‌లో ఉన్నప్పుడు 2017 వరల్డ్ సిరీస్ ఎంవీపీ, పెద్ద ఆటల్లో ఇంకా పెద్దగా ఆడే మనిషి, ఐదో ఆటలో వూ వేసిన బంతే మోకాలికి తగిలి కుంటుతూ ఉన్నాడు. విల్సన్ వూని తీసి ఎడ్వర్డ్ బజార్డోని తెచ్చాడు. మూడు పరుగుల హోమ్‌రన్, 4-3, అక్కడితో సరి. ఆ ఏడాది 38 ఆటలు కాపాడిన క్లోజర్ ఆండ్రెస్ మున్యోస్ ఆ ఆటలో ఒక్క బంతి కూడా వెయ్యలేదు.

ఇరవయ్యో ఓవర్ కోసం బుమ్రాని దాచిపెట్టి, పదిహేడో ఓవర్‌లోనే మ్యాచ్ పోగొట్టుకోవడం ఎలా ఉంటుందో మీకు తెలుసు కదా, ఇది అదే. తర్వాత రోజు లేదు, ఎనిమిదో ఆట లేదు, సీజన్‌లో అతి ప్రమాదకరమైన బ్యాటర్ ఎదురుగా ఉన్నాడు. సీజనంతా ఇలాంటి మధ్య ఇన్నింగ్స్ ఇరకాటాలు బజార్డోనే దాటించాడని విల్సన్ తర్వాత వివరించాడు, అది అబద్ధం కాదు, బజార్డో మంచి పిచరే. అయినా ఆ క్షణానికి బుల్‌పెన్‌లో అంతకంటే మంచివాడు ఉన్నాడు. స్ప్రింగర్ ఆ బంతికి అవుట్ అయి ఉన్నా నేను ఇదే మాట అంటాను. తొమ్మిదో ఇన్నింగ్స్ సంగతి తొమ్మిదోలో చూసుకోవాలి, గిల్బర్ట్ లాంటివాళ్ళు పది రోజుల కిందటే అదెలాగో చేసి చూపించారు.

అలాగని విల్సన్‌ని తీసెయ్యాలని నేను అనను. సర్విస్‌కీ ఇదే జరిగింది. 2022 అక్టోబర్‌లో హ్యూస్టన్‌లో మొదటి ఆట, తొమ్మిదో ఇన్నింగ్స్‌లో 7-5 ముందుండగా, అలవాటుగా మొదటి నుంచి వేసే రాబీ రేని బుల్‌పెన్ నుంచి తెచ్చాడు, యోర్దాన్ అల్వారెజ్ మూడు పరుగుల హోమ్‌రన్‌తో ఆట ముగించాడు. రెండేళ్ళకి సర్విస్ వెళ్ళాడు, మూడేళ్ళకి కొత్తవాడి చేతిలో అలాంటి దెబ్బే తగిలింది. బుల్‌పెన్‌ని ఎలా వాడాలన్నది మేనేజర్ ఒక్కడే కూర్చుని తేల్చేది కాదు, ఎవరి మీదికి ఎవరు అనే లెక్కలు ఆటకి ముందే తయారుగా ఉంటాయి. మార్చాల్సింది ఏడో ఇన్నింగ్స్‌లో క్లోజర్‌ని తాకకూడదన్న ఆ అలవాటు. డివిజన్ గెలిపించి, ఇన్ని గాయాల మధ్య టీమ్‌ని వరల్డ్ సిరీస్‌కి ఎనిమిది అవుట్ల దూరం దాకా తెచ్చిన మనిషిని ఒక్క నిర్ణయానికి పంపించేస్తే, వచ్చే అక్టోబర్‌లో ఇంకెవరో అదే కుర్చీలో కూర్చుని అదే చేస్తారు.

కాబట్టి మీ ఆఫీసు వాదనలో దిగాలంటే స్టాటిస్టిక్స్ అన్నీ బట్టీ పట్టక్కర్లేదు. ఎవరైనా మేనేజర్‌ని తిడితే మూడు అడగండి: ఆ క్షణంలో బ్యాటింగ్‌కి ఎవరున్నారు, బుల్‌పెన్‌లో ఇంకా ఎవరు మిగిలారు, వాళ్ళు నిన్నా మొన్నా ఎన్ని బంతులు వేశారు. సగం మంది అక్కడే ఆగిపోతారు, మిగతా సగంతో మాట్లాడితే మీకు ఆట వచ్చేస్తుంది. టీవీలో చూస్తే ఆరో ఇన్నింగ్స్ దాటాక బంతిని చూడటంతో పాటు బుల్‌పెన్‌లో ఎవరు లేచి వార్మప్ చేస్తున్నారో కెమెరా చూపించినప్పుడల్లా గమనించండి, మేనేజర్ మనసులో ఏముందో అక్కడే తెలిసిపోతుంది. కుదిరితే ఆస్ట్రోస్ ఇక్కడికి వచ్చినప్పుడు ఒక ఆటకి వెళ్ళండి, పై అంతస్తు టికెట్లు కాస్త చవక, కారు వద్దు, ట్రైన్‌లోనే వెళ్ళండి, ఆట అయ్యాక పార్కింగ్ లాట్ నుంచి బయటపడటానికి చాలాసేపు పడుతుంది.