బావగారికి రుజువులు చూపించాల్సిన పని లేదు

పెళ్లయిన నాటి నుంచి మీరిద్దరూ జీతాల్లో కొంత పక్కన పెట్టుకుని, ఇంట్లోకి చిన్న చిన్న అసలు కళాకృతులు కొనుక్కుంటున్నారు. ఈమధ్య కొన్న లినోకట్‌ను (చెక్కిన పలకతో కాగితం మీద అచ్చు తీసిన బొమ్మను) చూసి మీ బావగారు "అచ్చేసిన కాగితానికి ఇంత డబ్బు పోస్తారా?" అని నవ్వారు. ఆ బొమ్మను ఏరికోరి ఎంచుకున్నది మీవారే అయినా, ఆయన "తనకు నచ్చిందని కొన్నాం అన్నయ్యా" అని మాట మీ మీదకు తోసేసి, వారం తిరక్కుండా దాన్ని గోడ మీంచి దించి బీరువా వెనక పెట్టేశారు. ప్రింటు అసలు కళాకృతి అవుతుందా, ఇకమీదట కాన్వాసు మీద వేసినవే కొంటే ఎవరూ ఏమీ అనకుండా ఉంటారా, విలువ పెరుగుతుందని బావగారికి చెప్పవచ్చా అని మీరు ఉత్తరంలో అడిగారు.

ముందు వీటికి జవాబులు చెప్పేస్తాను, ఎందుకంటే ఇవి పెద్ద ప్రశ్నలు కావు. లినోకట్ అసలు కళాకృతే. చిత్రకారుడు లినోలియం పలకను చెక్కి, మిగిలిన ఉబ్బెత్తు భాగానికి సిరా పూసి, కాగితం మీద ఒత్తి తీసిన ప్రతి ఒక్కటీ అసలుదే. ఎక్కడో ఉన్న వర్ణచిత్రాన్ని ఫొటో తీసి యంత్రం మీద ముద్రించిన నకలు వేరు. అడుగున పెన్సిలుతో 7/30 అని రాసి ఉంటే, ఆ ఎడిషన్‌లోని, అంటే ఆ పలకతో తీసి అంకెలు వేసిన 30 ప్రతుల్లో, అది ఏడో నంబరుదన్నమాట. నకళ్ల మీద కూడా అంకెలు వేసి సంతకాలు చేసి అమ్మేవారు ఉన్నారు కాబట్టి, కొనేటప్పుడు ఏ పద్ధతిలో తీసినదో రసీదు మీద రాయించుకోండి. విలువ పెరుగుతుందని మాత్రం ఎవరికీ చెప్పకండి. తక్కువ ధరకు దొరికే కృతుల్లో చాలావాటిని తిరిగి కొనేవారే ఉండరు. కాన్వాసు కొంటే నోళ్లు మూతపడతాయన్నది మీ భ్రమ. అప్పుడు బావగారు రంగులను చూసి నవ్వుతారు.

ఇక అసలు విషయం. మిమ్మల్ని నొప్పించింది బావగారి నవ్వు కాదు, మీవారి జవాబు. ఉత్తరంలో మూడుసార్లు బావగారి మాటే ఎత్తి, భర్త అన్న మాటను ఒక్క వాక్యంలో దాటేశారు. తండ్రి తర్వాత తండ్రిలా చదివించిన అన్నగారి ముందు తమ్ముడు గొంతు పెంచలేడు, పెంచాలని నేనూ కోరను. ఆ రుణం తీరేది కాదు. అయితే అన్నగారి ఎదుట తల వంచడం గౌరవం, ఆ తల కాపాడుకోవడానికి భార్యను ముందుకు నెట్టడం పిరికితనం. ఈ రెండింటినీ ఆయన కలిపేసుకున్నారు, మీరు కలపనిచ్చారు. బావగారిని ఒప్పించే రుజువుల కోసం నాకు ఉత్తరం రాయడమంటే మీరు కూడా ఆయననే న్యాయమూర్తిగా కూర్చోబెట్టినట్టు.

న్యూయార్క్‌లో హెర్బర్ట్, డొరొతీ వోగెల్ అనే దంపతులు ఉండేవారు. ఆయన తపాలా శాఖలో గుమాస్తా, ఆవిడ లైబ్రేరియన్. 1962లో పెళ్లి చేసుకుని, ఆవిడ జీతంతో ఇల్లు నడుపుకుంటూ ఆయన జీతంతో కళాకృతులు కొన్నారు. ధర తమకు అందాలి, వస్తువు తమ చిన్న అపార్టుమెంటులో పట్టాలి అన్నవే వారి షరతులు. కొద్దిపాటి గీతలు, ఆకారాలతోనే సరిపెట్టే మినిమల్ కళను, వస్తువు కన్నా ఆలోచనకే పెద్దపీట వేసే కన్సెప్చువల్ కళను, చాలామందికి బొత్తిగా అర్థం కాని వాటిని, పేరు రాని కళాకారుల దగ్గరే నేరుగా కొన్నారు. వాటిని 1990ల తొలినాళ్లలో వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌కు అప్పగించడం మొదలుపెట్టే నాటికి ఆ ఇల్లు వేల కృతులతో నిండిపోయి ఉంది. (ఈ సంగతి బావగారి చెవిన వేయకండి, చివరికి ఎంత లాభం వచ్చిందని అడుగుతారు.) గ్యాలరీ సంగతి అలా ఉంచండి, ఏది కొన్నా అది మా ఇద్దరిదీ అన్నట్టుగా బతికారు చూశారా, మీ ఇంట్లో లోపించింది అదే.

కాబట్టి మీవారితో మాట్లాడండి, బొమ్మ గురించి కాదు. "మీరు ఎంచుకున్నదాన్ని నేను కొనిపించానని మీ అన్నయ్యగారితో ఎందుకు అన్నారు?" అని ఒక్కసారి, గొడవ లేకుండా, అత్తవారింటి పాత లెక్కలేవీ బయటకు తీయకుండా అడగండి. జవాబు రావడానికి రోజులు పట్టవచ్చు. ఆలోగా మీరు ఆయన తరఫున సంజాయిషీలు వెతకవద్దు, తోడికోడలి చెవిన వేయవద్దు, కొత్తగా ఏదీ కొనవద్దు. ఇద్దరిలో ఏ ఒక్కరు వద్దన్నా కొనకూడదని, కొన్నాక ఎవరు అడిగినా "మాకు నచ్చింది" అనే చెప్పాలని ఒప్పందం చేసుకోండి.

ఆ లినోకట్‌ను మాత్రం ఈరోజే బీరువా వెనక నుంచి తీయండి. చెమ్మ తగిలితే కాగితం అలలు తేలుతుంది, బూజు మరకలు పడతాయి. అద్దం కాగితాన్ని తాకకుండా మధ్యలో ఆమ్లరహితమైన అట్ట వేసి ఫ్రేము కట్టారో లేదో చూసుకుని, ఎండ నేరుగా పడని గోడ ఎంచుకోండి. మేకు కొట్టి తగిలించే పని మీవారికి వదిలేయండి. ఈసారి బావగారు వచ్చి నవ్వితే మీరు వంటింట్లోకి వెళ్లిపోకుండా అక్కడే కూర్చోండి, జవాబు మాత్రం మీవారినే చెప్పనివ్వండి.