పూల పేరు పెద్దయ్యాక నప్పుతుందా? చేమంతి అనే పేరుతో పెరిగిన నా అనుభవం

మీ పాపకు ‘విరజాజి’ అని పేరు పెట్టాలని ఉందనీ, ఆ పాప పెద్దదై డాక్టరో కలెక్టరో అయ్యాక అది చిన్నపిల్ల పేరులా వినిపిస్తుందేమోనని మీ అత్తగారు సందేహిస్తున్నారనీ రాశారు. నా పేరు చేమంతి. నలభై దాటిన వయసులో, వ్యవసాయ శాఖలో అధికారిగా, ఇదే పేరుతో రోజూ సంతకాలు చేస్తున్నాను కాబట్టి నా అభిప్రాయం సూటిగానే చెబుతాను: నిస్సందేహంగా పెట్టండి. ఇబ్బందులు లేకపోలేదు గానీ అవి మీ అత్తగారు ఊహించిన చోట లేవు.

మాది కడియపులంక. నాన్నగారిది పూల వ్యాపారం. నేను కార్తీక మాసంలో, మార్కెట్లోకి చేమంతులు బుట్టలకొద్దీ దిగే రోజుల్లో పుట్టానని నాయనమ్మ ఈ పేరు పెట్టింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో మీ అత్తగారికి కలిగిన సందేహమే నాకూ ఉండేది. కాని ఎరువుల దుకాణం తనిఖీకి వెళ్లినప్పుడు, స్టాకు రిజిస్టరులో రాసిన లెక్కకూ గోదాములో ఉన్న బస్తాలకూ పొంతన కుదరక నోటీసు ఇవ్వవలసి వస్తే, దాని కింద ఉన్న పేరు పూవుదా దేవతదా అని ఏ వ్యాపారీ చూడలేదు. రైతులు మొదట్లో మేడం అన్నారు, పరిచయం పెరిగాక ‘చేమంతమ్మ గారూ’ అని పిలవడం మొదలుపెట్టారు. మన భాషలో ఎంత చిన్న పేరునైనా పెద్దరికంలోకి తీసుకువెళ్లే ‘అమ్మ’, ‘గారు’ సిద్ధంగా ఉన్నాయి. కమల కమలమ్మ అయినట్టూ, పుష్ప పుష్పమ్మ గారు అయినట్టూ, మీ పాప కూడా ఏదో ఒక నాటికి జాజమ్మ గారు అవుతుంది. అలా పిలిచేవాళ్ల గొంతులో ముద్దు ఉండదు, గౌరవమే ఉంటుంది.

అసలు ఈ ప్రశ్న ఆడపిల్లల విషయంలోనే ఎందుకు వస్తుందో కూడా ఆలోచించమని మీ అత్తగారికి మర్యాదగా చెప్పండి. రాజీవ్, అరవింద్, పంకజ్, నీరజ్ అన్నీ తామరపూవు పేర్లే అయినా, మగపిల్లవాడికి ఆ పేరు పెట్టేటప్పుడు పెద్దయ్యాక నప్పుతుందా అని ఎవరూ అడగగా నేను వినలేదు. మన హైదరాబాదులో పుట్టిన సరోజినీ నాయుడు పేరులోనూ, ఆమె కుమార్తె పద్మజా నాయుడు పేరులోనూ ఉన్నది ఆ తామరే. తల్లి 1947లో సంయుక్త రాష్ట్రాలకు, అంటే నేటి ఉత్తరప్రదేశ్‌కు గవర్నరై దేశంలోనే తొలి మహిళా గవర్నరుగా నిలిచారు. కుమార్తె 1956 నుంచి 1967 వరకు పశ్చిమ బెంగాల్ గవర్నరుగా పనిచేశారు. శిరీషమంటే దిరిసెన పువ్వు, మెత్తదనానికి సంస్కృత కవులు ఏరికోరి చెప్పిన పువ్వు. ఆ పేరు పెట్టుకున్న, గుంటూరులో పుట్టి అమెరికాలో పెరిగిన బండ్ల శిరీష 2021 జూలై 11న వర్జిన్ గెలాక్టిక్ వ్యోమనౌకలో అంతరిక్షపు అంచుదాకా వెళ్లి వచ్చారు. అంతదాకా ఎందుకు, తిరుమలలో స్వామివారి తల్లిగా కొలిచే వకుళమాత పేరు పొగడపువ్వుది.

అయితే మీరు ఒక మాట అనవచ్చు: అవన్నీ సంస్కృతం పేర్లు కదా, విరజాజి, చేమంతి అలా కాదు కదా అని. నిజానికి చాలామంది సందేహం వెనుక ఉన్నది పూవు కాదు, ఈ తేడాయే. మాలతి, మల్లిక, నళిని అంటే చదువుకున్న ఇంటి పేరుగా తోస్తుంది. జాజి, చేమంతి, బంతి అంటే పెరటి పేరుగానో పల్లెటూరి పేరుగానో తోస్తుంది. ఈ అంతరం నాకు మనసారా బాధ కలిగిస్తుంది, ఎందుకంటే మనం జడలో పెట్టుకునేది, దేవుడికి మాల కట్టేది, మార్కెట్లో మూర ఇంతని బేరమాడేది ఈ తెలుగు పేర్లతోనే. మన నాలుక మీద ఇంత సహజంగా పలికే పేరు బడి హాజరు పట్టీలోకి వెళ్లేసరికి తక్కువైపోవడం న్యాయం కాదు. ఆ అలవాటు మారాలంటే అలాంటి పేర్లు పెట్టుకున్నవాళ్లు నలుగురు కనబడాలి.

ఇబ్బంది వచ్చేది తొమ్మిదో తరగతి నుంచి ఇంటరు దాకా. ఆ వయసు మగపిల్లలు పూల పేరు వినగానే సినిమా పాట అందుకుంటారు. నేను ఇంటికి వచ్చి ఏడ్చి, పేరు మార్చమని అడిగిన రోజులు ఉన్నాయి. అమ్మ మందలించలేదు, మార్చనూ లేదు; నాయనమ్మ ఆ పేరు ఎందుకు పెట్టిందో మాత్రం చెప్పింది. మీ పాపకు కూడా ఆ పేరు వెనుక ఉన్న కథను ముందే చెప్పి పెంచండి, ఆ కొద్ది సంవత్సరాలు గడిచిపోతాయి. డిగ్రీకి వచ్చాక మాత్రం, తరగతిలో నలుగురు లక్ష్ములూ ముగ్గురు ప్రసన్నలూ ఉన్నచోట నా పేరు ఒక్కసారి విన్నవాళ్లు మరిచిపోలేదు.

ఇంగ్లీషు అక్షరక్రమం గురించి మాత్రం గట్టిగా హెచ్చరిస్తాను. నా పేరు చివరి ‘తి’ని పదో తరగతి సర్టిఫికెట్లో ‘హెచ్’ చేర్చి, పాన్ కార్డులో చేర్చకుండా రాయడం వల్ల పాస్‌పోర్టు సమయంలో చాలా తిరగవలసి వచ్చింది. విరజాజికి ఆ చిక్కు తక్కువ, కానీ మరొకటి ఉంది: హిందీ మాట్లాడే చోట చివరి ‘జి’ని గౌరవవాచకం అనుకుని మీ పాపను ‘విరజా’ అని పిలుస్తారు. అది కూడా చక్కని పేరే కాబట్టి నేనైతే దాన్ని లోపంగా లెక్కించను.

తొందరపడవలసిన అవసరమూ లేదు. జననాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించాలి గానీ, పేరును 12 నెలల లోపు రుసుము లేకుండా చేర్పించుకోవచ్చు, ఆ తరువాత పదిహేనేళ్ల దాకా రుసుము కట్టి చేర్పించుకోవచ్చు. అయితే 2023 అక్టోబరు 1న గానీ ఆ తరువాత గానీ పుట్టిన పిల్లలకు బడిలో చేర్చడానికైనా, ఆధార్, పాస్‌పోర్టులకైనా జనన ధ్రువపత్రమే ఆధారం కనుక, ఇంటిపేరుతో సహా ఏ అక్షరం ఎలా ఉండాలో ముందే కాగితం మీద రాసుకుని, మీ అత్తగారికి కూడా చూపించి, ఆ తరువాతే దరఖాస్తు ఇవ్వండి.