నిలబడి ఉన్న చెట్టును నష్టంలో రాయలేదు

"వాతావరణ మార్పుకు ధనిక దేశాలు పరిహారం కట్టాలనడం న్యాయమేనా? కట్టినా ఆ డబ్బు మనలాంటి వాళ్ల దాకా వస్తుందా?" అని ఒకరు అడిగారు. మాది శ్రీకాకుళం జిల్లా, కవిటి మండలంలో ఒక ఊరు. కొబ్బరి, జీడి తోటల ఉద్దానం ప్రాంతం. మొదటి ప్రశ్నకు నా జవాబు ఒక్కటే, కట్టి తీరాలి. రెండోదానికి మాత్రం మా తోట సంగతి చెప్పాలి.

2018 అక్టోబర్ 11. దసరా నవరాత్రులు మొదలైన మర్నాడు. తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి. తలుపుకు బియ్యం బస్తాలు అడ్డం పెట్టి అందరం ఒకే గదిలో కూర్చున్నాం. కొబ్బరి చెట్టు కూలినప్పుడు చప్పుడు చెవికంటే ముందు కాళ్లకు తెలుస్తుంది, గచ్చు అదురుతుంది. మొదట్లో అమ్మ లెక్కపెట్టింది. తర్వాత మానేసి చెవులు మూసుకుంది.

తెల్లారి బయటికొస్తే మా పెరట్లోంచి ఆకాశం అంత వెడల్పుగా కనపడడం పుట్టాక అదే మొదలు. కొబ్బరి, జీడి, పనస ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. కరెంటు లేదు, బోరు ఆడదు, తాగడానికి నీళ్లు లేవు. టీవీ వాళ్ల బళ్లు హైవే మీదే ఆగిపోయాయి. అంతకు నాలుగేళ్ల ముందు హుద్‌హుద్ తుపాను వైజాగ్‌ని కొడితే దేశమంతా చూసింది. మా తోటల్ని అలా చూసినవాళ్లు లేరు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

నష్టం రాసేవాళ్లు వస్తారని నాన్న సున్నం కలిపి ప్రతి చెట్టు మీదా అంకె వేశాడు. కూలినవి 43. నిలబడి ఉన్నా మట్టలన్నీ ఒక పక్కకు మెలిపడి, మొవ్వు, అంటే కొత్త మట్ట పుట్టే నడినెత్తి, తిరిగిపోయినవి 18. మొత్తం 61. వచ్చిన కుర్రాడు మంచివాడే, ఎండలో ఊరంతా తిరిగి అలిసిపోయి ఉన్నాడు. 43 దగ్గర పెన్ను ఆపేశాడు.

"ఇవి కూడా రాయి బాబూ, మొవ్వు పోయింది, బతకవు" అన్నాడు నాన్న.

"పడిన చెట్లే రాయమన్నారు పెద్దాయనా. నిలబడున్నదాన్ని నష్టం అని ఎలా రాస్తాను?"

ఆ 18లో 14 వచ్చే వేసవికల్లా తలలు రాలిపోయి మోడులయ్యాయి. వాటి మీద సున్నం అంకెలు మాత్రం ఇంకా కనపడేవి. రాసిన చెట్లకు ఒక్కోదానికి 1,500 రూపాయలు, తర్వాత దాన్ని 3,000 చేశారు. దేశవాళీ కొబ్బరి కాపుకు రావాలంటే ఆరేడేళ్లు పడుతుంది. ఆ ఏళ్లు ఏం తినాలో ఏ కాగితంలోనూ లేదు.

తిత్లీని వాతావరణ మార్పే తెచ్చిందని నేననను. బంగాళాఖాతంలో తుపాన్లు మా తాతల నాడూ ఉన్నాయి. కానీ సముద్రం వేడెక్కితే తుపానుకు బలం పెరుగుతుంది. 8వ తేదీన వాయుగుండంగా ఉన్నది 10కల్లా అతి తీవ్ర తుపానైంది. ఊళ్లో వాళ్లు సర్దుకునే టైమెక్కడిది? ఆ వేడి ఎవరిది? ఇప్పటిదాకా బొగ్గు, చమురు, గ్యాస్ కాల్చి గాల్లోకి వదిలిన కార్బన్ డయాక్సైడ్‌లో అమెరికా ఒక్కదాని వాటాయే దాదాపు నాలుగో వంతు. మన దేశానిది నూటికి నాలుగు లోపే. ఈ రోజుకీ సగటున మనిషికి ఏడాదికి అక్కడ 14 టన్నులు, ఇక్కడ రెండు.

మా తాత చెప్పేవాడు, పశువు పక్కవాడి చేలో పడితే బందెలదొడ్డికి తోలేవాళ్లట. డబ్బు కట్టి విడిపించుకునేవాడు యజమాని. ఆ డబ్బును సాయం అన్నవాళ్లు ఊళ్లో లేరు. వాతావరణం మీద జరిగే ప్రపంచ సభల్లో మాత్రం ఇది సాయమా, పరిహారమా అని 30 ఏళ్లుగా ఈ ఒక్క మాట దగ్గరే పేచీ. బాధ్యత అందరిదీ, కానీ అందరిదీ సమానం కాదు అని 1992లో రియోలో ఒప్పుకున్నారు. 2015లో పారిస్‌లో నష్టం గురించి ఒక అధికరణం రాసి, దీన్ని బట్టి ఎవరూ పరిహారం అడగడానికి వీల్లేదని పక్కనే తీర్మానంలో చేర్చారు. నష్టానికి నిధి పెడదామని 2022లో ఈజిప్టులో అంటే, మరుసటేడు దుబాయ్‌లో అమెరికా ఇస్తానన్నది 1.75 కోట్ల డాలర్లు. 2025లో ఆ నిధి బోర్డు నుంచే తప్పుకుంది. బాకూలో 2024లో పేద దేశాలు ఏడాదికి 1.3 లక్షల కోట్ల డాలర్లు కావాలంటే, 2035 నాటికి ఏడాదికి 30,000 కోట్ల డాలర్లు సమకూర్చడంలో ధనిక దేశాలు ముందుంటాయని రాసుకున్నారు. ఇప్పటిదాకా వాతావరణం పేరిట ప్రభుత్వాల నుంచి వచ్చిన డబ్బులోనూ ఎక్కువ భాగం అప్పులే. చేను మేసిన పశువు యజమాని మనకే అప్పివ్వడం ఏం న్యాయం?

ఇంకో మాట కూడా అనాలి, మనవాళ్లకు కోపం వచ్చినా సరే. బయట తలసరి లెక్క అడిగే మనం ఇంట్లో ఆ లెక్క తీస్తున్నామా? ఊరికి కరెంటు కావాలంటూ మా పక్కనే సోంపేట బీల భూముల్లో, అంటే చిత్తడి నేలల్లో, బొగ్గుతో నడిచే థర్మల్ ప్లాంటు పెడతామన్నారు. వద్దన్నందుకు 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ బీలలో నీళ్లున్నాయి, చేపలున్నాయి, వరి పండుతుంది. ప్లాంటు రాలేదంటే అది మావాళ్లు నిలబడబట్టే. వాతావరణ న్యాయం అన్న మాట వాళ్లలో ఎంతమందికి తెలుసో గానీ, చేసింది అదే. ఏటా మా స్కూలుకొచ్చి మొక్కలు నాటండి అని చెప్పిపోయేవాళ్లు ఒకసారి బీల గట్టు మీద నడిచి వెళ్తే బాగుండు.

ఇక డబ్బు మన దాకా వస్తుందా అంటే, నష్టం అంటే ఏమిటో రాసేవాళ్ల మీద ఉంటుంది. కూలిన చెట్టునే రాస్తే ఉప్పెక్కుతున్న బావి రాదు, ఏడాదికి కొంచెం కోసుకుపోతున్న తీరం రాదు, తోట పోయాక వేరావల్ బోట్ల మీదికో హైదరాబాద్ సెక్యూరిటీ ఉద్యోగానికో పోయిన మనిషి అసలే రాడు. ఢిల్లీ నుంచి ఆ సభలకు వెళ్లేవాళ్లు డాలర్ల అంకె కంటే ముందు దీని మీద కూర్చోవాలి.

మీదీ తోటల ప్రాంతమైతే ఒక పని చేయండి. ఇప్పుడు తుపాను హెచ్చరిక రాగానే నాన్న నన్ను తోటంతా తిప్పి ప్రతి చెట్టుకూ రెండు ఫొటోలు తీయిస్తాడు. ఒకటి అంకె కనపడేలా మొదలుది, ఇంకోటి కింద నిలబడి పైకి, మొవ్వు కనపడేలా.