“అమ్మ ఉన్న ఊరి మీదేనా, దొడ్డమ్మా?”

ప్రశ్న: అక్కా, మాది రాజోలు దగ్గర పల్లె. ఇంట్లో మిషన్ కుడతాను. మా చెల్లెలు నాలుగేళ్ళుగా ఖతార్‌లో, దోహాలో ఒకరింట్లో పని చేస్తోంది. దాని కొడుకు తొమ్మిదేళ్ళవాడు, నా దగ్గరే ఉంటున్నాడు. 2025 జూన్ 23, సోమవారం సంగతి రాస్తున్నాను. బడులు తెరిచి పది రోజులైంది, పదకొండు జతల యూనిఫారాలు ఆ రోజే ఇచ్చెయ్యాలి. వెనక వీధిలో పెద్దాయన దినం, తెల్లారకట్ల నుంచి కూరలు తరిగే దగ్గరే ఉన్నాను. ముందురోజు ఇరాన్ మీద అమెరికా బాంబులు వేసింది కదా, బంతిలో అదే మాట. “గల్ఫ్‌లో ఉన్నోళ్ళ పని ఇంక అయిపోయినట్టే” అన్నాడొకాయన, పిల్లాడు పక్కన కూర్చునుండగానే. విస్తరి ముందు నుంచి లేచి వచ్చేశాను. రాత్రి పదింటికి ఖతార్ మీద క్షిపణులని టీవీలో వచ్చింది. చెల్లి ఫోను కలవలేదు. “అమ్మ ఉన్న ఊరి మీదేనా, దొడ్డమ్మా?” అన్నాడు. కాదు, అది వేరే దేశంరా అని టీవీ కట్టేశాను. పన్నెండు దాటాక చెల్లి గొంతు విన్నాను. మర్నాడు వాడికి బళ్ళో అసలు సంగతి తెలిసింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తప్పు చేశానా?

జవాబు: చెల్లీ, టీవీ కట్టెయ్యడం తప్పు కాదు. ఆ అబద్ధం మాత్రం చెప్పకుండా ఉండాల్సింది. ఇది నీ మీద కోపంతో అంటున్న మాట కాదు. ఆ పిల్లాడి చోట ఒకప్పుడు నేనున్నాను.

1990లో నాకు పదేళ్ళు. అమ్మ కువైట్‌లో ఉండేది. మే నెల తుఫానుకి లేచిపోయిన మా పాక కప్పుని అమ్మ పంపిన డబ్బుతోనే మళ్ళీ నేయించాం. ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. మా అమ్మమ్మ పేపరు దాచేసి, నా ముందు ఎవరినీ ఆ ఊసెత్తనివ్వలేదు. బోరింగు దగ్గర బిందె పట్టుకుని నిలబడితే ఒకావిడ అంది, “మీ అమ్మున్న దేశాన్ని మింగేశారంట కదే” అని. ఆ రాత్రి నాకు కలలో దేశం మొత్తం నీళ్ళలోకి దిగిపోయింది. అడిగితే అమ్మమ్మ, “అమ్మ బాగానే ఉంది, పడుకో” అంది. అమ్మమ్మకి కూడా తెలీదని నాకు తెలుసు. ఇద్దరం ఒకే మంచం మీద ఎవరి భయం వాళ్ళం పెట్టుకుని పడుకున్నాం.

యాభై రోజులు ఉత్తరం లేదు. అమ్మ బస్సుల్లో ఎడారి దాటి జోర్డాన్‌లో అమ్మాన్ చేరి, అక్కడ గుడారంలో ఉండి, ఎయిరిండియా విమానంలో బొంబాయి వచ్చింది. ఆ దారిన సుమారు 1,70,000 మంది మనవాళ్ళని ఇంటికి చేర్చారు. రాజమండ్రిలో రైలు దిగిన అమ్మని చూసి నేను వాటేసుకోలేదు. అమ్మమ్మ కొంగు వెనక నిలబడ్డాను, మళ్ళీ ఏదో దాస్తున్నారేమోనని. అమ్మ ఆ సంగతి చాలా ఏళ్ళు తలుచుకుని బాధపడింది.

అందుకని వాడితో ఈ రోజే మాట్లాడు. “ఆ రాత్రి నాకు భయమేసింది, అందుకని అబద్ధం చెప్పాను” అను. మ్యాప్ తీసి ఖతార్ చూపించు. ఇరాన్ క్షిపణులు వేసింది అమెరికా సైన్యం ఉండే అల్ ఉదైద్ అనే సైనిక స్థావరం మీద. అది దోహాకి నైరుతి దిక్కున సుమారు 30 కిలోమీటర్లు. రాజోలు నుంచి అమలాపురం అంత దూరమని చెప్తే వాడికి అందుతుంది. వచ్చినవాటిని దాదాపుగా గాల్లోనే కూల్చేశారనీ, ఎవరూ చనిపోలేదనీ, విమానాలు ఆగినా ఆకాశం ఆ రాత్రే మళ్ళీ తెరిచారనీ చెప్పు. ఇంకెప్పుడూ ఏమీ అవదని మాత్రం మాటివ్వకు. “తెలిసిన వెంటనే నీకు చెప్తాను” అని ఇవ్వు, ఆ మాట నువ్వు నిలబెట్టుకోగలవు.

చెల్లెలి పాస్‌పోర్టు, ఖతార్ గుర్తింపు కార్డు ఫోటోలు నీ ఫోనులో ఉన్నాయా? లేకపోతే ఈ వారమే తెప్పించు. ఒక కాగితం మీద యజమాని పేరు, ఇల్లు ఎక్కడో, అక్కడి మన రాయబార కార్యాలయం నంబరు రాసి మిషన్ సొరుగులో పెట్టు. అక్కడ కష్టమొస్తే ఇక్కడి నుంచి ఫిర్యాదు పెట్టడానికి విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్ ఉంది. మీ ఊళ్ళో చదువుకున్న పిల్లల చేత ఒకసారి తెరిపించి చూసుకో. దాని పాస్‌పోర్టు దాని చేతిలోనే ఉందో లేదో కూడా అడుగు. యజమానులు దగ్గర పెట్టేసుకుంటే రేపు కదలాలన్నా కదల్లేదు.

ఇక ఆ బంతిలో మాట. అన్నాయన్ని నేను వెనకేసుకు రాను. మన వీధుల్లో సగం మిద్దెలు ఆ ఆడపిల్లలు అక్కడ పరాయి వంటిళ్ళలో చేసిన చాకిరీతో లేచినవే. అయినా నువ్వు తెల్లారకట్ల నుంచి వంట సాయం చేసి, తినకుండా వచ్చేసిన ఇల్లది. పెద్దాయన పోయిన ఆ ఇల్లాలికి నువ్వెందుకు లేచావో తెలీకపోవచ్చు. ఒక సాయంత్రం పిల్లాణ్ణి తీసుకుని వెళ్ళు. కాసేపు కూర్చుని ఆవిడకి చెప్పు, వాడు వింటుండగానే చెప్పు.