ఒక సెమిస్టర్ అమెరికాలో: ఎక్స్చేంజ్ విద్యార్థుల సందేహాలు, సమాధానాలు

ప్రశ్న: మా కాలేజీకి అమెరికాలోని ఒక యూనివర్సిటీతో ఒప్పందం ఉంది. ఒక సెమిస్టర్ అక్కడ చదవాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి? ఫీజు ఎవరికి కట్టాలి?
– ఇంజినీరింగ్ రెండో సంవత్సరం విద్యార్థిని, వరంగల్

మీ కాలేజీలోని అంతర్జాతీయ సంబంధాల విభాగంతో మొదలుపెట్టండి. ఎక్స్చేంజ్‌కి సాధారణంగా విద్యార్థి నేరుగా దరఖాస్తు పెట్టే వీలుండదు. ముందు మీ కాలేజీ మీ పేరు పంపాలి. దీన్నే నామినేషన్ అంటారు. అది అందాకే అవతలి యూనివర్సిటీ దరఖాస్తు లింకు పంపుతుంది. ఆగస్టులో మొదలయ్యే ఫాల్ సెమిస్టర్‌కి చాలాచోట్ల ఫిబ్రవరి, మార్చిలోనే నామినేషన్లు ముగుస్తాయి. జనవరిలో మొదలయ్యే స్ప్రింగ్‌కైతే సెప్టెంబర్, అక్టోబర్ ప్రాంతంలో. మీ కాలేజీలో ఎంపిక దానికంటే ముందే జరగాలి కాబట్టి, ప్రయాణానికి ఏడాది ముందు కదిలితే తప్ప కుదరదు.

ఒప్పందం కింద వెళ్తే ట్యూషన్ ఫీజు మీ కాలేజీకే కడతారు, అక్కడ కట్టక్కర్లేదు. అటు నుంచి ఒకరు వస్తే ఇటు నుంచి ఒకరు వెళ్లడం అన్న లెక్క మీద ఇది నడుస్తుంది. సీట్లు తక్కువగా ఉండేది అందుకే. అయితే ఒప్పందం పేరు చెప్పి నడిచే అన్ని ప్రోగ్రాములూ ఇలాంటివి కావు. ‘విజిటింగ్ స్టూడెంట్’ అనో, ‘స్టడీ అబ్రాడ్’ అనో ఉంటే అక్కడి ఫీజు పూర్తిగా మీరే కట్టాల్సి రావచ్చు. ట్యూషన్ మినహాయింపు ఉందని ఒప్పందంలో రాసి ఉందా అని సూటిగా అడగండి. మినహాయింపు ఉన్నా హాస్టల్, భోజనం, బీమా, విమాన టికెట్టు, వీసా ఖర్చులు మీవే. కొన్నిచోట్ల ల్యాబ్ ఫీజు, స్టూడెంట్ ఫీజు కూడా పడతాయి.

ప్రశ్న: అక్కడ ఎన్ని సబ్జెక్టులు తీసుకోవాలి? అవి మా సిలబస్‌తో కలవకపోతే సెమిస్టర్ వృథా అవుతుందా?
– బీటెక్ మూడో సంవత్సరం విద్యార్థి, కాకినాడ

కలవకపోతే నిజంగానే వృథా అవుతుంది. ఎక్స్చేంజ్‌లో అన్నిటికంటే ఎక్కువ దెబ్బతినేది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెబుతున్నాం.

సెమిస్టర్ పద్ధతి ఉన్న యూనివర్సిటీలో డిగ్రీ స్థాయి విద్యార్థి కనీసం 12 క్రెడిట్లు తీసుకోవాలి. ఎక్కువ కోర్సులు 3 క్రెడిట్లవే కాబట్టి మామూలుగా నాలుగు కోర్సులు వస్తాయి. ఒక క్రెడిట్ అంటే దాదాపు 15 వారాల పాటు వారానికి ఒక గంట క్లాసు, దానికి తోడు ఇంటి దగ్గర రెండు గంటల పని. నాలుగే కదా అనిపిస్తుంది గానీ ప్రతి వారం అసైన్‌మెంట్లు, క్విజ్‌లు, మధ్యలో మిడ్‌టర్మ్‌లు ఉంటాయి. మార్కులు సెమిస్టర్ పొడవునా పడుతూనే ఉంటాయి. చివరి వారంలో కూర్చుని చదివి గట్టెక్కే వీలు లేదు.

మీకు కావలసినవి నాలుగైతే ఎనిమిది కోర్సులకు ముందే అనుమతి తీసుకోండి. మీరు కోరిన కోర్సులో సీట్లు నిండిపోవచ్చు, ఆ సెమిస్టర్‌లో అది అసలు పెట్టకపోవచ్చు. కంప్యూటర్ సైన్స్, బిజినెస్ విభాగాల్లో చాలాచోట్ల సొంత విద్యార్థులకు ఇచ్చాకే ఎక్స్చేంజ్ వాళ్లకు ఇస్తారు. ఇంకో అడ్డంకి ప్రీరిక్విజిట్. ముందు చదివి ఉండాల్సిన కోర్సు మీరు ఇక్కడ పూర్తిచేసినా, అక్కడి కంప్యూటర్‌కి ఆ సంగతి తెలియదు. రిజిస్ట్రేషన్ ఆపేస్తుంది. మీ మార్కుల జాబితా, ఆ సబ్జెక్టు సిలబస్ పీడీఎఫ్ దగ్గర పెట్టుకుని, రిజిస్ట్రేషన్ తెరవకముందే ఆ విభాగం సలహాదారుకు పంపి మినహాయింపు అడగండి.

పోల్చేటప్పుడు కోర్సు పేరు చూసి సరిపెట్టుకోకండి. ఇక్కడ ‘డేటా స్ట్రక్చర్స్’ ల్యాబ్‌తో కలిపి 4 క్రెడిట్లు ఉండి, అక్కడ అదే పేరుతో ల్యాబ్ లేకుండా 3 క్రెడిట్లే ఉండవచ్చు. ల్యాబ్ విడిగా 1 క్రెడిట్ కోర్సుగా ఉంటే రెండూ తీసుకుంటేనే ఇక్కడి దానికి సమానం. వారం వారం ఏం చెబుతారో సిలబస్‌లో చూసి, ఏ కోర్సుకి ఏది బదులో పట్టిక వేయండి. దాని మీద విభాగాధిపతి సంతకం ఒక్కటే చాలదు. మార్కులు ఎక్కించేది పరీక్షల విభాగం, కాబట్టి వాళ్ల సంతకమూ కావాలి. మీది అనుబంధ కాలేజీ అయితే యూనివర్సిటీ పరీక్షల విభాగం నుంచి లిఖిత అనుమతి తెచ్చుకోండి. నోటిమాట మీద విమానం ఎక్కొద్దు.

అక్కడికి వెళ్లాక మొదటి ఒకటి రెండు వారాల్లో కోర్సులు మార్చుకోవచ్చు. ముందు కొత్త కోర్సు చేర్చుకున్నాకే పాతది వదలండి. పాతది ముందు వదిలేసి, కొత్తది దొరక్క 12 కంటే కిందికి పడిపోతే వీసా స్టేటస్‌కే ముప్పు. ఆరోగ్యం వంటి కారణంతో తగ్గించుకోవాల్సి వస్తే, తగ్గించకముందే అక్కడి అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసు అనుమతి ఉండాలి. గ్రేడు బదులు ‘పాస్/ఫెయిల్’ తీసుకునే సౌకర్యం కనిపిస్తుంది. ఇక్కడ గ్రేడ్లు లేకుండా క్రెడిట్లు ఇవ్వకపోతే అది మీకు పనికిరాదు.

ప్రశ్న: మా అమ్మాయి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది. జె-1 (ఎక్స్చేంజ్ విద్యార్థులకిచ్చే) వీసాకి ఇబ్బందా? వీసాకి ఏది ముందు, ఏది తర్వాత?
– ఒక తల్లి, గుంటూరు

వీసా రాకుండా పోదమ్మా, కానీ చిక్కులు తప్పవు. ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే ఉన్న పేరంతా ఇంటిపేరు గడిలోకి వెళ్లి, అసలు పేరు ఉండాల్సిన చోట ‘ఎఫ్ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడుతుంది. అక్కడ బ్యాంకులో, బీమాలో, యూనివర్సిటీ రికార్డుల్లో ఆ మూడక్షరాలే ఆమె పేరవుతాయి. సమయం ఉంటే యూనివర్సిటీకి దరఖాస్తు పెట్టకముందే పాస్‌పోర్టు రీఇష్యూకి ఇచ్చి ఇంటిపేరు వేయించండి. మధ్యలో మారిస్తే అన్ని కాగితాలూ మళ్లీ మార్చాలి.

ఇక వరుస. సీటు ఖాయమయ్యాక, అక్కడ ఉండే నెలలకు సరిపడా డబ్బు ఉందని బ్యాంకు పత్రాలు చూపిస్తే యూనివర్సిటీ డీఎస్-2019 ఫారం ఇస్తుంది. జె-1 వీసాకి ఆధారం ఇదే. అందులో పేరు, పుట్టిన తేదీ, ప్రోగ్రాం మొదలయ్యే, ముగిసే తేదీలు పాస్‌పోర్టుతో, అడ్మిషన్ లెటర్‌తో పోల్చి చూడండి. తర్వాత సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలు నమోదుచేసే అమెరికా ప్రభుత్వ వ్యవస్థ) ఫీజు. జె-1 విద్యార్థికి 220 డాలర్లు. డీఎస్-2019 మీది ప్రోగ్రాం నంబరు ‘పి’తో మొదలైతే ఇది కట్టాలి. రసీదు దాచుకోండి. ఆ తర్వాత డీఎస్-160 అనే ఆన్‌లైన్ వీసా దరఖాస్తు, 185 డాలర్ల వీసా ఫీజు, ఇంటర్వ్యూ తేదీ. సెవిస్ ఫీజు ఇంటర్వ్యూకి కనీసం మూడు రోజుల ముందు కట్టి ఉండాలి. ఫీజులు మారుతుంటాయి, కట్టే రోజు అధికారిక సైట్‌లో చూసుకోండి. డీఎస్-160లో గత ఐదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాలన్నీ రాయాలి. 2025 జూన్ నుంచి విద్యార్థి, ఎక్స్చేంజ్ వీసాలకు ఆ ఖాతాలు అందరికీ కనిపించేలా పెట్టమని కూడా అడుగుతున్నారు.

ఇంటర్వ్యూలో అధికారి ముఖ్యంగా చూసేది, చదువయ్యాక తిరిగి వస్తుందా లేదా అని. ఎక్స్చేంజ్ విద్యార్థికి ఇక్కడ డిగ్రీ ఇంకా మిగిలే ఉంటుంది కాబట్టి అదే గట్టి ఆధారం. ‘ఫలానా నెలలో తిరిగి వచ్చి ఫలానా సెమిస్టర్‌లో చేరుతుంది’ అని కాలేజీ లెటర్‌హెడ్ మీద రాయించి తీసుకెళ్లండి. ప్రోగ్రాం మొదలయ్యే తేదీకి 30 రోజుల కంటే ముందు అమెరికాలో అడుగుపెట్టనివ్వరు. ముగిశాక సర్దుకుని బయల్దేరడానికి 30 రోజులు ఇస్తారు.

జె-1 మీద వెళ్లినవారు చదువయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న షరతు గురించి చాలామంది భయపడతారు. నైపుణ్యాల జాబితా (స్వదేశానికి అవసరమైన రంగాలంటూ అమెరికా విదేశాంగ శాఖ ఇచ్చే పట్టిక) కారణంగా వర్తించే ఆ షరతు 2024 డిసెంబర్ సవరణ తర్వాత భారతీయులకు లేదు. ప్రభుత్వ నిధులతో వెళ్లేవారికి మాత్రం ఇప్పటికీ ఉంటుంది.

ప్రశ్న: టీకాల కాగితాలు అడుగుతున్నారు. చిన్నప్పటి రికార్డులు లేవు. బీమా కూడా ఇక్కడే కొనుక్కోవచ్చా?
– బీకాం విద్యార్థి, కర్నూలు

టీకాల పత్రాలు లేకపోతే చాలా యూనివర్సిటీలు కోర్సు రిజిస్ట్రేషన్‌కి అడ్డం పెడతాయి. ప్రధానంగా అడిగేది ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా) రెండు డోసులు. వాటి మధ్య కనీసం 28 రోజులు ఉండాలి కాబట్టి బయల్దేరే వారంలో చూసుకుందామంటే కుదరదు. రికార్డు లేకపోతే రోగనిరోధక శక్తి చూపే రక్తపరీక్ష చేయించవచ్చు, లేదా మళ్లీ వేయించుకోవచ్చు. క్షయ పరీక్షకి చర్మం మీద సూది వేయించుకోకండి. చిన్నప్పుడు బీసీజీ వేయించుకున్నవారికి అది పాజిటివ్ చూపించవచ్చు, అప్పుడు ఎక్స్‌రేలు, మందుల చర్చ మొదలవుతుంది. ‘ఇగ్రా’ రక్తపరీక్ష మీద బీసీజీ ప్రభావం ఉండదు. యూనివర్సిటీ ఒప్పుకుంటే అదే చేయించండి.

బీమాకి అమెరికా ప్రభుత్వ నియమం ఉంది. ఒక్కో జబ్బుకి లేదా ప్రమాదానికి కనీసం 1,00,000 డాలర్ల వైద్యం, వైద్యం కోసం స్వదేశానికి తరలించడానికి 50,000, మరణిస్తే భౌతికకాయం పంపడానికి 25,000 డాలర్లు ఉండాలి. మీరు ముందుగా భరించే మొత్తం ఒక్కో జబ్బుకి 500 డాలర్లు దాటకూడదు. ఇక్కడి ట్రావెల్ పాలసీ వైద్యం మొత్తంలో సరిపోయినా మిగతావాటిలో తప్పిపోవచ్చు. పైగా కొన్ని యూనివర్సిటీలు తమ పాలసీనే తీసుకోవాలంటాయి. అడగకుండా కొనకండి.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలోనే ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద బ్యాచిలర్స్ చదువుతున్నాడు. వాళ్ల యూనివర్సిటీ నుంచి ఒక సెమిస్టర్ జర్మనీ వెళ్తానంటున్నాడు. వీసా దెబ్బతింటుందా?
– ఒక తండ్రి, హైదరాబాద్

యూనివర్సిటీ ప్రోగ్రాం కిందే వెళ్తూ, బయల్దేరకముందే అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసుకి చెబితే సెవిస్ రికార్డు చెల్లుబాటులోనే ఉంచుతారు. లెక్క ఐదు నెలల దగ్గర ఉంది. విదేశంలో చదువు ఐదు నెలలు దాటితే తిరిగి రావడానికి కొత్త ఐ-20 (ఎఫ్-1 విద్యార్థికి యూనివర్సిటీ ఇచ్చే పత్రం) కావాలి. జర్మనీలో సెమిస్టర్ తేదీలు అమెరికా తేదీలతో కలవవు, పరీక్షలు ఆలస్యంగా ముగుస్తాయి. టికెట్టు కొనకముందే రోజులు లెక్కపెట్టుకోమనండి. తిరిగి వచ్చే రోజుకి వీసా స్టాంపు చెల్లుతుందో లేదో, ఐ-20 మీద ప్రయాణ సంతకం ఉందో లేదో కూడా చూసుకోవాలి.

ప్రశ్న: తిరిగి వచ్చాక మార్కులు రావడం ఆలస్యమవుతుందని సీనియర్లు అంటున్నారు. ఏం చేయాలి?
– బీబీఏ విద్యార్థిని, తిరుపతి

అక్కడి యూనివర్సిటీకి బాకీ ఉంటే కొన్నిచోట్ల ట్రాన్‌స్క్రిప్ట్ (మార్కుల పత్రం) ఆపుతారు. లైబ్రరీ జరిమానా, హాస్టల్ తాళం, క్లినిక్ బిల్లు ఏదీ మిగల్చకండి. గ్రేడ్లు ఖరారయ్యాకే పంపేలా ముందే ఆర్డర్ పెట్టి, అది నేరుగా మీ పరీక్షల విభాగానికి వెళ్లేలా చిరునామా ఇవ్వండి. ప్రతి కోర్సు సిలబస్ మీ దగ్గర ఉంచుకోండి, క్రెడిట్ల విషయంలో వాదన వస్తే అదే సాక్ష్యం. యూనివర్సిటీ ఈమెయిల్ మూతపడకముందే సొంత ఈమెయిల్‌కి అన్నీ పంపుకోండి. అక్కడ ఒక్క డాలర్ సంపాదించకపోయినా మరుసటి ఏడాది జూన్ 15లోపు, అక్కడ ఉన్న రోజుల వివరాలు తెలిపే ఫారం 8843ను అమెరికా పన్ను విభాగానికి పంపాలి. సంపాదన ఉంటే పన్ను రిటర్న్‌తో కలిపి ఏప్రిల్ 15లోపే పంపాలి.